జోగులు ఉంచేసిన పాత కప్పు

మా మావయ్య జోగులుకు అరవై రెండేళ్లు. జంగ్లీఘాట్‌లో చేపల రేవుకు వెళ్లే దారిలో ఆయనకో రేకుల షెడ్డు ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ షెడ్డులో ఆయన చేస్తున్నది దాదాపు ఒకటే పని, బండి చక్రాల బేరింగులు చూడటం. ఇంజను పని వస్తే వేరేవాళ్ల దగ్గరికి పంపేస్తాడు. బ్రేకులు చేస్తాడు కానీ సణుక్కుంటూ చేస్తాడు. "నాకొచ్చింది ఇదొక్కటే" అంటాడు. వినయమనుకునేరు. ఇది ఇంకెవరికీ రాదని ఆయన ఉద్దేశం.

నేను ఆయన అల్లుణ్ణి, మణికుమార్‌ని. సర్కారీ ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తున్నాను. పెళ్లయిన మూడో రోజున, కొత్తల్లుడికి కాఫీ అయినా ఇవ్వకుండా, ఆయన నన్ను షెడ్డులో పీట మీద కూర్చోబెట్టి గంటసేపు బేరింగు గురించి చెప్పాడు. చక్రం తిరుగుతుంది, ఇరుసు తిరగదు. ఆ రెండింటి మధ్య కూర్చుని, ఒకటి తిరుగుతున్న సంగతి రెండోదానికి తెలియకుండా చూసేదే బేరింగు. లోపల చిన్న చిన్న ఉక్కు రోలర్లు వరసగా ఉంటాయి. అవి దొర్లడానికి బయట ఒక ఉక్కు కట్టు ఉంటుంది, దాన్ని కప్పు అంటారు. రోలర్లు మార్చినప్పుడు కప్పు కూడా మార్చాలి. "రెండూ కలిసి అరుగుతాయి, కలిసే పోవాలి" అన్నాడు. నేను తలూపాను. ఇంకేం చేస్తాను?

ఆయన తండ్రి మల్లేశు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి వేటకు కుదిరాడు. జోగులు ఇక్కడే పుట్టాడు. చేపల వేట ఇంట్లో పుట్టి పడవెక్కితే వాంతి చేసుకునే మనిషి మా దీవుల్లో ఈయనొక్కడే అయి ఉంటాడు. మూడుసార్లు తండ్రి తీసుకెళ్లాడట, మూడుసార్లూ ఎండు చేపలా పడుకోబెట్టి ఒడ్డుకు తెచ్చాడట. ఆ తర్వాత గోల్ ఘర్‌లో ఒక సర్దార్జీ దగ్గర బండ్ల పనికి పెట్టేశారు. ఇప్పటికీ రేవులో ముసలివాళ్లు ఆయన్ని చూస్తే ఆ సంగతే ఎత్తుతారు. ఆయనా నవ్వుతాడు. కానీ వాళ్లందరి బండ్లూ ఆయన దగ్గరికే రావాలి కదా, ఆ ధీమా ఆ నవ్వులో కనిపిస్తూనే ఉంటుంది.

ఎందుకు రావాలంటే, మా రేవులో ఒక అలవాటుంది. పడవ ఒడ్డుకు చేరగానే చేపల పెట్టెలు ఇరవై అడుగులు మోయాలి. ఆ మోత తప్పించుకోవడానికి పికప్ బండిని వెనక్కి నడుపుకుంటూ సిమెంటు వాలు మీంచి నీళ్లలోకి దించేస్తారు, నాలుగు చక్రాలూ మునిగేదాకా. పెట్టెలు పడవలోంచి నేరుగా బండిలోకి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే బండి అప్పుడే ఊరంతా తిరిగి వచ్చింది, చక్రం మధ్యనుండే హబ్బు వేడెక్కి ఉంది. వేడి ఇనుము ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగేసరికి లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి ఉప్పునీళ్లను లోపలికి లాక్కుంటుంది. మూడు నెలల్లో గ్రీజు పాలు కలిపిన టీ రంగుకు తిరుగుతుంది. నాలుగో నెలకు చక్రం మూలగడం మొదలుపెడుతుంది.

"ఒక టీ తాగినంతసేపు బండి ఆపండ్రా, చక్రం సల్లారినాక దించండి. అసలు దించకండి. ఇరవై అడుగులు మొయ్యలేరా?" ఈ మాట ఆయన ఎన్ని వేలసార్లు అన్నాడో లెక్కలేదు. విన్నవాళ్లను మాత్రం లెక్కపెట్టొచ్చు. ఒక్కరూ లేరు.

పని మాత్రం చూడ్డానికి బాగుంటుంది. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి కుదుపుతాడు. కదిలితే లోపల వదులైందన్నమాట. చేత్తో తిప్పి కళ్లు మూసుకుంటాడు. బండి తెచ్చినవాణ్ణి, "కుడికి తిప్పినప్పుడు మోత పెరుగుతందా, ఎడమకి తిప్పినప్పుడా?" అని అడుగుతాడు. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ చక్రానిదట, బరువు అటు పడుతుంది కాబట్టి. పాత గ్రీజంతా డీజిల్‌తో కడిగి, ఎడమ అరచేతిలో కొత్త గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును ఆ ముద్దలోకి నొక్కుతూ పోతాడు, గ్రీజు రోలర్ల మధ్య నుంచి అవతలికి తన్నుకొచ్చేదాకా. నట్టు బిగించి, చక్రం తిప్పుతూ మళ్లీ కాస్త వదులు చేసి, అది కదలకుండా కొత్త పిన్ను వేసి వంచుతాడు. పాత పిన్ను తిన్నగా చేసి మళ్లీ వాడేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. పాత కప్పు ఉంచేసి రోలర్లు మాత్రం మార్చేవాళ్ల పేరెత్తితే ఇక భోజనం సహించదు. "ఆడు మెకానిక్కేటి? ఆడు మనిషేటి?" అంటాడు.

ఈ రెండేళ్లలో మనిషి బాగా అలిసిపోయాడు. మోకాళ్లు వంగవు. వంగితే లేవవు. కప్పు హబ్బులో బిగుసుకుపోయి ఉంటే ఉలి పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా కొట్టి ఊడగొట్టాలి, ఆ పనికి భుజం సహకరించడం లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కోకుండా గుమ్మంలో అలా కూర్చుండిపోతాడు. అత్తయ్య గురువమ్మ సబ్బు తెచ్చిచ్చినా తీసుకోడు. ఒకరోజు నాతో అన్నాడు, "పని బరువు కాదు మణీ. సెప్పిందే సెప్పి నోరు పడిపోయింది. అదే బండి, అదే సక్రం, అదే ఉప్పు. నానేదో సముద్రాన్ని సెంబుతో తోడతన్నట్టుంది."

నాకు జాలేసింది. మానెయ్యమన్నాను. మానేస్తే వాళ్ల బండ్లు ఎవరు చూస్తారని గయ్యిమన్నాడు.

గడిచిన నెలలో గాలివాన వల్ల చెన్నై నుంచి సరుకు ఓడ రాలేదు. మాకు మేకు దగ్గర్నుంచి మందు దాకా ఓడలోనే రావాలి. గోల్ ఘర్‌లోని విడిభాగాల దుకాణాల్లో రోలర్లున్నాయి, కప్పులు అయిపోయాయి. వారంలో ఓడ వస్తుందన్నారు. ఆ వారం మూడు వారాలయింది, ఓడ ఇంకా రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే రెండు బండ్లు ఆయన దగ్గరికొచ్చాయి. ఒకటి చేపల బండి నడిపే చిట్టిబాబుది. రెండోది బతు బస్తీలో బడి పిల్లల వ్యాను నడిపే ప్రమోదది. ఆమె వ్యాను నీళ్లలోకి దిగదు కానీ, వానాకాలమంతా రోడ్డు మీది నీళ్లలో ఈది పాడైంది. ఇద్దరికీ బండే అన్నం పెట్టేది. బండి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఇద్దరూ "ఎప్పుడవుతుంది, ఎప్పుడవుతుంది" అని షెడ్డు చుట్టూ తిరిగారు.

మావయ్య ఏం చేశాడో నాకు అప్పుడు తెలియదు. మొన్న సోమవారం తెలిసింది.

ఆ పొద్దున మా మకాం అత్తగారింట్లో. నా భార్య శ్రీలక్ష్మి, నేను ఆదివారం భోజనానికి వచ్చి ఉండిపోయాం. ఏడవుతుండగా అత్తయ్య రేవు నుంచి చేపలు తెచ్చింది.

"చిట్టిబాబు ఇయ్యాల సేపలు ఎత్తలేదు" అంది చేపలు గిన్నెలో వేస్తూ. "రంగత్ ఎల్తన్నాడు. ఆడి పెళ్లాం కనకదుర్గ తమ్ముడికి అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయింది గదా, సామాన్లన్నీ బండికెత్తేరు. కనకదుర్గ, సంటిపిల్ల కూడా ముందు సీట్లో ఎక్కేరు."

మావయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏ కాన్వాయ్‌కి?"

"తొమ్మిదింటికంట."

ఆయన వెంటనే ఫోను చేశాడు. చిట్టిబాబు బండి మీదుంటే ఫోను ఎత్తడు. రెండోసారి, మూడోసారి. తర్వాత నా వైపు తిరిగి, "మణీ, మోటారు సైకిలు తియ్యి. జిర్కాటాంగ్ ఎల్లాలి" అన్నాడు.

జిర్కాటాంగ్ అంటే రంగత్ దారిలో నలభై కిలోమీటర్ల పైమాట. నాకు పదింటికి ఆఫీసు. ఎందుకని అడిగితే చెప్పడే! చొక్కా తొడుక్కుంటూనే గుమ్మం దిగాడు. విసుక్కుంటూనే బండి తీశాను. అల్లుడి బతుకే అంత.

ఊరు దాటాక వెనక నుంచి నా చెవి దగ్గర అన్నాడు, "ఆ బండికి పాత కప్పు ఉంచీసాను."

నాకు మొదట తల్లోకి ఎక్కలేదు. ఎక్కాక బండి పక్కకు ఆపాను. ఇన్నేళ్లూ ఎవర్ని మనుషులు కారన్నాడో ఆ పనే ఈయన చేశాడు.

"ఎందుకు మావయ్యా?"

"అలిసిపోయేను." అంతే అన్నాడు. కాసేపటికి మిగతాది చెప్పాడు. కప్పు మీద ఉప్పు తిన్న గుంటలు వేలికి తగులుతూనే ఉన్నాయట. కొత్తది లేదు. ఉన్నా, దాన్ని ఊడగొట్టడానికి భుజం లేవడం లేదు. ఓడ వచ్చేదాకా పది రోజులు ఆగుతుందిలే, ఊళ్లోనే తిరిగే బండి కదా, ఓడొచ్చాక ఏదో వంకతో పిలిచి మార్చేద్దాం అనుకున్నాడు. రోలర్లు కొత్తవి కాబట్టి మోత ఆగిపోయింది. చిట్టిబాబు దండం పెట్టి వెళ్లిపోయాడు. గుంటల మీద కొత్త రోలర్లు దొర్లితే అవీ చెడతాయి. బరువు పెరిగి, దూరం పెరిగితే వేడెక్కుతుంది, గ్రీజు కరిగి కారిపోతుంది. అప్పుడు చక్రం పట్టేయొచ్చు, ఊడిపోవచ్చు.

"ఇలా ఉంచేనని చిట్టిబాబుకి ఎందుకు చెప్పలేదు? చెబితే వాడే మెల్లగా నడుపుకునేవాడు కదా."

"ఏటని సెప్పను? ఇన్నాళ్లూ ఊరందర్నీ తిట్టిన నోటితో?"

జిర్కాటాంగ్ దగ్గర గేటు ఉంటుంది. బండ్లన్నీ వరసగా ఆగి, వేళకు గేటు తీశాక ఒకే గుంపుగా, అంటే కాన్వాయ్‌గా, అడవి దాటాలి. అది జరావాలనే ఆదివాసులుండే అడవి. మధ్యలో ఆగకూడదు, దిగకూడదు, ముందు బండిని దాటకూడదు. అలాంటి దారిలో, సామాన్ల బరువుతో, చంటిపిల్లను ఎక్కించుకుని, ఆ చక్రంతో. మళ్లీ బండి స్టార్ట్ చేశాను.

"ప్రమోద వ్యానుకి కూడా" అన్నాడు ఇంకాస్త దూరం పోయాక.

ప్రమోద తెల్లారి పెద్ద పిల్లల్ని దింపి, తొమ్మిది దాటాక నర్సరీ పిల్లలతో రెండో ట్రిప్పు వేస్తుంది. అది ఊళ్లోనే కదా, స్పీడుండదు కదా అని ఆయనే అన్నాడు. నేనూ అవునన్నాను. అక్కడితో ఊరుకోకుండా ఒక సలహా కూడా ఇచ్చాను. చిట్టిబాబుకు కప్పు సంగతి చెప్పొద్దు, గ్రీజు నాసిరకంది వచ్చిందని తెలిసింది అందుకే పరిగెత్తుకొచ్చాం అని చెబుదాం అన్నాను. ప్రమోద సంగతి అసలు ఎత్తొద్దు, ఓడొచ్చాక చూసుకోవచ్చు అన్నాను. ఆఫీసులో ఇరవై ఏళ్ల సర్వీసు ఊరికే పోతుందా? దారంతా ఆయన గడ్డం నా భుజానికి తగులుతూనే ఉంది.

మేం చేరేసరికి ఎనిమిదీ నలభై. ముప్పై బండ్ల దాకా వరసలో ఉన్నాయి. చిట్టిబాబు పికప్ మధ్యలో ఉంది, వెనకంతా మంచాలు, బీరువా, తాడు కట్టిన పరుపులు. కనకదుర్గ పిల్లకు ఇడ్లీ తినిపిస్తోంది. మమ్మల్ని చూసి చిట్టిబాబు నవ్వుతూ దిగాడు.

"అరే మావా! మీరూ రంగత్‌కేనా?"

మావయ్య ముందువైపు ఎడమ చక్రం దగ్గర వంగి, హబ్బు మీద చేతి వెనకవైపు ఆనించాడు. వెంటనే తీసేశాడు. కుడి చక్రం దగ్గరికి వెళ్లి అక్కడా ఆనించాడు, అక్కడ చెయ్యి ఉంచగలిగాడు. తిరిగి వచ్చి, మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"బండి పక్కకి తియ్యి. ఈ సక్రంతో అడవిలోకి ఎల్లకూడదు."

"క్యా హువా మావా? మోతేమీ లేదే."

నేను గ్రీజు మాట అందుకోబోయాను. ఆయన నన్ను దాటి ముందుకొచ్చాడు. "కప్పు మార్సలేదు. పాతదే ఉంచీసేను. మార్సేనని నువ్వనుకున్నావు, నాను సెప్పలేదు."

చిట్టిబాబు మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియనట్టు. కనకదుర్గ పిల్లను ఎత్తుకుని దిగిపోయింది. ఆమెకు మాత్రం వెంటనే అర్థమైంది. "నా పిల్ల ఉంది ఇందులో" అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది.

పోలీసు వచ్చి పేపర్లు అడిగాడు. బండి పాడైందని చెప్పి పక్కకు తీయించాం. తొమ్మిదికి గేటు ఎత్తారు. బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి అడవిలోకి వెళ్లిపోయాయి.

చిట్టిబాబు టైరుకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "ఆ రోజు నువ్వు తిట్టలేదు మావా" అన్నాడు. "బండి తీసుకెల్తంటే ఎప్పుడూ నీళ్లలో దించకురా అని తిడతావు గదా. ఆ రోజు తలెత్తలేదు. ఈయనకి నా మీద ఆశ పోయింది, ఇంక సెప్పడు అనుకున్నాను. భయమేసింది. అప్పట్నుంచి నీళ్లలోకి దించలేదు. పెట్టెలు మోస్తన్నాను. కావాలంటే దీన్నడుగు."

కనకదుర్గ అటు తిరిగి నిలబడింది.

మావయ్య చిట్టిబాబు పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయనంతట ఆయన కింద కూర్చోవడం నేను చూసి చాలా రోజులైంది. ముప్పై ఎనిమిదేళ్లకు ఒక్కడు మాట విన్నాడు. వాడి బండికే ఈయన ఇలా చేశాడు. ఆయన ఏడవలేదు. ముక్కు గట్టిగా తుడుచుకున్నాడు అంతే. నాకు మాత్రం ఏడుపొచ్చింది, దాచుకోవడానికి నీళ్లసీసా కోసం వెతికాను.

చిట్టిబాబు అడిగాడు, "ఇంకెవరి బండికి ఇలా చేసేవు?"

నేను మావయ్య వైపు చూసి అడ్డంగా తల ఊపాను. వద్దని. చిట్టిబాబు ఒక్కడికి తెలిస్తే పోనీ, మన మనిషి, ఎలాగో సర్దుకుంటాడు. ప్రమోదకు తెలిస్తే బతు బస్తీ అంతా తెలుస్తుంది. ఇంక ఆ షెడ్డు తలుపు తీయక్కర్లేదు. ఇది నేను ఆయన మంచికే అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అలాగే అనుకున్నాను.

"ప్రమోద వ్యాను" అన్నాడు మావయ్య.

చిట్టిబాబు టైము చూశాడు. తొమ్మిదీ పది. నా ఫోనుకు సిగ్నలు లేదు, మావయ్యదానికీ లేదు. చిట్టిబాబు తన ఫోను తీసి, పైకెత్తి అటూ ఇటూ తిరిగి, చెక్‌పోస్టు మెట్ల దగ్గర ఒక చోట ఆగాడు. అక్కడి నుంచే మావయ్యను పిలిచి నంబరు కలిపి ఇచ్చాడు. సిగ్నలు పోతుందేమోనని స్పీకరు పెట్టాడు. అవతల పిల్లల గోల వినిపించింది.

"ప్రమోదా, నాను జోగుల్ని. బండి ఎక్కడుంది?"

"ఇప్పుడే ఎక్కించేను మావయ్యా, బయల్దేరుతున్నా. ఎందుకు?"

"ఇంజను ఆపీ. పిల్లల్ని దించీ. ఆళ్ల అమ్మలకి ఫోను సేసి తీసుకెల్లమను. ఆ బండి ఇంక కదపకు, నానొచ్చేదాకా."

"ఏమైంది మావయ్యా? నేనేం చెయ్యలేదే!"

"నువ్వేం సెయ్యలేదమ్మా. సక్రంలో పాత కప్పు ఉంచీసి మార్సినట్టు నీకు ఇచ్చీసేను. తప్పు నాది."

అవతల ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది. పిల్లలు దిగమంటే కేరింతలు కొడుతున్నారు. ప్రమోద గొంతు తగ్గించి అంది, "అదేటి మావయ్యా అలా అంటారు? వానల్లో వ్యాను పాడైందని పిల్లల అమ్మలు భయపడితే, జోగులు మావయ్య చేతి పని, భయం లేదని అందరికీ నేనే చెప్పేను కదా."

మావయ్య ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆళ్లందరికీ ఇది కూడా సెప్పమ్మా" అన్నాడు.